రిబ్బను కట్టిన చెర్రీ చెట్లు

అమెరికాలో మీరేం ఉద్యోగం చేశారని ఎవరైనా అడిగితే, పళ్ళకు మందు కొట్టానని చెప్తాను. అడిగినవాళ్ళు మర్యాదకు నవ్వి, మా ఆయన ఏ కంపెనీలో చేశారని తర్వాతి ప్రశ్న వేస్తారు. వాళ్ళను తప్పుపట్టను. ఇప్పుడు ప్లేనో అనే ఊళ్ళో మేముంటున్న వీధిలో తెలుగువాళ్ళందరూ కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసేవాళ్ళే. చెర్రీ పండు కొరికితే మెత్తగా అణిగిపోకుండా పటుక్కుమనాలంటే ఏం చెయ్యాలి అని ఆలోచిస్తూ ఒక మనిషి ఏళ్ళ తరబడి జీతం తీసుకుందంటే నమ్మడం కష్టమే.

వ్యవసాయం చదువుకుంటున్న పిల్లలు కొందరు ఈ మధ్య నన్ను వెతికి పట్టుకుని, మీ అనుభవం ఏదైనా రాయమన్నారు. మేం చేసిన ప్రయోగాల ఫలితాలు మీకు ఎక్కడైనా దొరుకుతాయి. ఏ ఫలితమూ రాని వేసవి ఒకటుంది. అది మాత్రం నేను చెప్తే తప్ప మీకు తెలిసే దారి లేదు. కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

నేను పుట్టింది తెనాలి పక్కన, ఉద్యోగంలో చేరింది హైదరాబాదు చుట్టూ ఉన్న ద్రాక్షతోటల్లో. అప్పట్లో అక్కడి రైతులు గింజలేని ద్రాక్ష గుత్తుల్ని జిబ్బరెల్లిక్ యాసిడ్ కలిపిన నీళ్ళలో ముంచేవాళ్ళు. అంత పేరు ఎవరూ పలకరు, జి.ఎ. అంటారు. మొక్కలో సహజంగా ఉండే హార్మోనే అది. సరైన సమయంలో బయటినుంచి మరికాస్త అందిస్తే కాయ సాగి లావెక్కుతుంది. పందిరి కింద మెడ పైకెత్తి నిలబడి, ఒక్కొక్క గుత్తి కిందా మగ్గు పెట్టి ముంచి, దులిపి వదలాలి. రోజంతా అదే పని. రైతుకు చెప్పాలంటే ముందు మనకు రావాలని మా ఆఫీసరు నాచేత కూడా ముంచించాడు. చేయి పైకెత్తితే చాలు, ఆ మెడనొప్పి ఇప్పటికీ గుర్తొస్తుంది.

పెళ్ళయి ఇక్కడికొచ్చాక మా ఆయన వీసా మీద నాకు పనిచేసే వీలు లేదు. పార్సిప్పనీ అనే ఊళ్ళో అపార్ట్‌మెంటు. పక్కింట్లో, పైయింట్లో, కింద లాండ్రీలో అందరూ తెలుగువాళ్ళే, అందరూ కన్సల్టెంట్లే. గ్రీన్‌కార్డు వచ్చేనాటికి రెండు వేల ఒకటి దాటింది. ఊరంతా లేఆఫ్‌ల భయంలో ఉన్నా, అందరూ నాకు ఒకే సలహా ఇచ్చారు. “టెస్టింగ్ కోర్స్ చేసేయండి. ఈజీగా జాబ్ వస్తుంది,” అనేది పైయింటావిడ. వెళ్ళాను కూడా. ప్రోగ్రాములో తప్పులు పట్టుకోవాలట. తప్పు ఎక్కడుందో తెలియాలంటే ఒప్పు ఎలా ఉంటుందో తెలియాలి కదా. వారం తిరక్కుండానే మానేశాను.

తర్వాత మా ఆయనకు వాషింగ్టన్ రాష్ట్రంలో ఉద్యోగం దొరికింది. ఆ రాష్ట్రాన్ని పర్వతాలు నిలువునా చీలుస్తాయి. సముద్రం వైపు సాఫ్ట్‌వేరు, వాన. అవతలి వైపు ఎండ, పళ్ళతోటలు. అవతలి వైపు పళ్ళ పరిశోధనా కేంద్రంలో టెక్నీషియను కావాలన్న ప్రకటన చూసి ఫోన్ చేశాను. ఇంటర్వ్యూ చేసినాయన పొడుగ్గా, వంగి నడిచే పెద్ద ప్రొఫెసరు. జిబ్బరెల్లిక్ గురించి మీకేం తెలుసని అడిగాడు. నేను బల్ల మీదున్న కాఫీ కప్పు తీసుకుని, లేచి నిలబడి, గుత్తి ఎలా ముంచుతారో చూపించాను. కప్పులో కాఫీ ఉందని అప్పుడు గమనించలేదు. ఆయన చొక్కా తుడుచుకుంటూ, సోమవారం నుంచి రాగలరా అన్నాడు.

అలా వారమంతా నేను కొండలకు అవతల, మా ఆయన ఇవతల. శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరం కారేసుకుని కనుమ దాటేవాళ్ళం.

చెర్రీల సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే ముందు ముందు ఎవరు ఎందుకు కోప్పడ్డారో మీకు అర్థం కాదు. చెర్రీని మామిడిలాగా పచ్చిగా కోసి ముగ్గబెట్టడం కుదరదు. చెట్టు మీదే పండాలి. పండాక మెత్తబడటానికి ఎంతో సమయం పట్టదు. కాయ ఆకుపచ్చ నుంచి ఎండుగడ్డి రంగుకు తిరిగే సమయంలో జి.ఎ. పిచికారీ చేస్తే పండు గట్టిగా ఉంటుంది, సైజు పెరుగుతుంది, పెట్టెలో ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఇక ఇబ్బంది ఏమిటంటే, ఎరుపు ఆలస్యంగా వస్తుంది. చుట్టుపక్కల తోటలన్నీ ఎర్రబడుతుంటే మన చెట్లు మాత్రం పాలిపోయి నిలబడి ఉంటాయి. ఆ కొద్దిరోజులు రైతు ముఖం చూడటం కష్టం.

ఇంకో ఇబ్బంది హార్మోను అనే మాట. ఒకసారి సముద్రం వైపు మా తెలుగువాళ్ళు తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌కి ఒక పెట్టె చెర్రీలు తీసుకెళ్ళాను. “ఇవి హార్మోన్ కొట్టినవా? అయితే పిల్లలకి వద్దులెండి,” అని ఒకావిడ పెట్టెను పక్కకు జరిపింది. మీరు తింటున్న గింజలేని ద్రాక్షక్కూడా అదే కొడతారండీ అన్నాను. కాసేపటికి ద్రాక్షపళ్ళ గిన్నె కూడా చెర్రీల పక్కకు చేరింది. తిరిగొచ్చేటప్పుడు కారులో మా ఆయన, “నువ్వు నోరు మూసుకుని ఉంటే కనీసం ద్రాక్షయినా తినేవాళ్ళు కదా,” అన్నారు.

ఇక ఆ వేసవి. మా ప్రయోగాలు స్టేషను తోటలోనే కాకుండా రైతుల తోటల్లో కూడా జరిగేవి. ఏటిపైన కొండవాలులో ఒక అక్కా తమ్ముళ్ళ తోట ఉండేది. ఇద్దరికీ అరవై దరిదాపుల్లో ఉంటాయి. తండ్రి వేసిన చెట్లు. ఆయన పోతూ పైవాలు కూతురికి, కిందివాలు కొడుక్కి రాశాడు. నీటి పంపు, ట్రాక్టరు, కోత మనుషులు మాత్రం ఉమ్మడి. అక్క నెమ్మదైన మనిషి, ఎప్పుడూ గడ్డిటోపీ పెట్టుకుని ఉండేది. తమ్ముడిది పెద్ద గొంతు. కోత ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది ఆయన నిర్ణయం.

ప్రయోగానికి అక్క తన పైవాలు ఇస్తానంది. తమ్ముడు వద్దంటే వద్దన్నాడు. ఆయనది మొండితనం అనుకున్నాను. తర్వాత తెలిసింది, చాలాకాలం కిందట ఎవరో మందులమ్మేవాడి మాట విని ఎక్కువ మోతాదు కొట్టించాడట. పళ్ళు బాగానే వచ్చాయట గానీ మరుసటేడు పూత పలచబడింది. అది జరిగే విషయమే. వాళ్ళ నాన్న అప్పటికి బతికే ఉన్నాడట. ఆ వసంతం ఆయన చెట్ల మధ్య తిరిగి ఒక్క మాట కూడా అనకుండా ఇంట్లోకి వెళ్ళిపోయాడట.

“తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణి,” అన్నాడు తమ్ముడు నాతో.

అయినా అక్క తన మాట తనదేనంది. తమ్ముడు భుజాలెగరేసి, “నీ చెట్లు, నీ ఇష్టం,” అన్నాడు.

ఆ ప్రయోగం ఒక అమ్మాయి ఎమ్మెస్ థీసిస్ కోసం. వరంగల్ వైపు నుంచి వచ్చిన విద్యార్థిని. ఎఫ్-1 వీసా మీద వచ్చిన వాళ్ళందరూ కంప్యూటర్ సైన్సుకు పోతుంటే ఈ పిల్ల ఉద్యానశాస్త్రంలో చేరింది. సీజను అయ్యేదాకా నా అద్దెయింట్లోనే రెండో గదిలో ఉండేది. స్టేషనులో నన్ను మేడమ్ అనేది, కారెక్కగానే ఆంటీ. మనసులో ఏది వస్తే అది ఏ మార్పూ లేకుండా బయటికి వచ్చేది.

“ఫ్రెండ్సంతా నవ్వుతరు ఆంటీ. అమెరికా పోయి చెట్లకు నీళ్ళు పోస్తున్నవా అంటరు,” అంది ఒకరోజు డ్రైవ్ చేస్తూ.

“నువ్వేమన్నావు?”

“డ్రిప్ ఇరిగేషన్ ఉంది, నేను పొయ్యనక్కరలేదని చెప్పిన.”

పైవాలులో సగం చెట్లకు మందు, సగం చెట్లకు లేదు. మందు పడిన చెట్లకు నారింజ రంగు రిబ్బను కట్టాం. తెల్లవారుజామున, గాలి లేనప్పుడు, ట్రాక్టరు వెనక పెద్ద పంకా ఉండే స్ప్రేయరుతో కొట్టించాం. ఆ అమ్మాయి ప్రతి రిబ్బనూ తనే కట్టింది, ముడి ఊడకుండా రెండోసారి లాగి మరీ చూసింది. దాని థీసిస్ మొత్తం ఆ చెట్ల మీదే ఉంది. అసిస్టెంట్‌షిప్పు కూడా ఆ వేసవితో ఆఖరు. ఫలితాలు రాసి, డిఫెండ్ చేసి, చదువయ్యాక పనిచేసే అనుమతికి, అంటే ఓపీటీకి, అప్లై చెయ్యాలన్నది దాని లెక్క.

అనుకోకుండా మా ప్రొఫెసరు మోకాలి ఆపరేషనుకు వెళ్ళాల్సి వచ్చింది. ఎప్పటినుంచో వాయిదా వేసుకుంటూ వచ్చింది, ఇక నడవలేని స్థితికి వచ్చాక ఒప్పుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, “ఏదైనా సందేహం వస్తే నాకు ఫోన్ చెయ్యండి. కానీ పండుకు దగ్గరగా ఉండేది మీరు, నేను కాదు,” అన్నాడు. ఆ మాట నాకు ధైర్యమివ్వాల్సింది. ఇవ్వలేదు.

జూన్ నడుస్తుండగా లోయంతా ఎరుపెక్కింది. తమ్ముడి కిందివాలు ముదురెరుపు. పైవాలులో మందు లేని చెట్లు కూడా రంగు తిరిగాయి. రిబ్బను చెట్లు మాత్రం లేత గులాబీలోనే ఆగిపోయాయి. పక్క తోటల వాళ్ళు ట్రక్కు ఆపి, మీ చెట్లకు రక్తం తక్కువైందా అని తమ్ముణ్ణి అడిగిపోయేవాళ్ళట.

ఒకరోజు ఉదయం ఆయన నేరుగా స్టేషనుకే వచ్చాడు. వెంట కోత మేస్త్రీ కూడా ఉన్నాడు. మెక్సికో నుంచి వచ్చి ఏళ్ళ తరబడి ఆ లోయలో కూలీల ముఠా నడుపుతున్న మనిషి, మితభాషి.

“రేపు మధ్యాహ్నం వాన,” అన్నాడు తమ్ముడు. “వీళ్ళు ఇంకా నా కిందివాలు పూర్తి చెయ్యలేదు. చెయ్యగానే ఉత్తరాన ఇంకో తోటకు మాటిచ్చారు, వెళ్ళిపోతారు. మీ రిబ్బను చెట్లను ఎవరు కోస్తారు? అందుకే ఇవాళే కోసేద్దామంటున్నాను. ఏ రంగులో ఉంటే ఆ రంగులో.”

“అక్కగారేమంటున్నారు?”

“వద్దంటోంది. మిమ్మల్ని అడగమంది. అందుకే వచ్చాను.”

ముగ్గురం, ఆ అమ్మాయితో నలుగురం, తోటకు వెళ్ళాం. వాన చెర్రీకి ఏం చేస్తుందో మీకు తెలియకపోవచ్చు. పండిన చెర్రీ మీద నీళ్ళు నిలిస్తే తోలు పగిలిపోతుంది. తొడిమ దగ్గర గుంట ఉంటుంది, నీళ్ళు అక్కడ ఆగుతాయి. పగిలిన పండును ప్యాకింగ్ హౌసువాళ్ళు తీసుకోరు. అంతకు ముందు రెండేళ్ళు వరసగా వాన వాళ్ళ పంట మింగేసింది. ఈ ఏడూ పోతే తోట అమ్మేద్దామని తమ్ముడు అక్కతో అన్నట్టు నాకు తెలుసు.

రిబ్బను చెట్టు నుంచి ఒక పండు తెంపి కొరికాను. గట్టిగా ఉంది, పుల్లగా ఉంది. ఇంకా పెరగాల్సిన పండు. కిందికి దిగి తమ్ముడి చెట్టు పండు తిన్నాను. తియ్యగా, పూర్తిగా పండి, కాస్త మెత్తబడటం మొదలైంది.

అక్క మా కోసం గట్టు మీద నిలబడి ఉంది. ఇద్దరూ నావైపే చూస్తున్నారు. ప్రొఫెసరుకు ఫోన్ చేద్దామా అనిపించింది. ఆయన మందుల మత్తులో ఉంటాడు, ఉన్నా లేకపోయినా ఆయన నాలుక మీద ఈ పండు లేదు.

“మనుషులందరినీ కిందివాలులోనే ఉంచండి,” అన్నాను. “ముందు పగిలేది బాగా పండిన పండు. అది కాపాడుకోండి. ఇవాళ పైవాలు కోస్తే పుల్లటి పండు చేతికొస్తుంది, ఎర్రటి పండు వానలో పోతుంది.”

“మరి పైవాలు?”

“వానకు వదిలెయ్యండి. పండడం వెనకబడింది కాబట్టి తక్కువ పగలొచ్చు. పగలదని మాత్రం నేను హామీ ఇవ్వలేను.”

“హామీ ఇవ్వలేనప్పుడు మీ స్టేషను ఎందుకు?” అన్నాడు తమ్ముడు. అది వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

నేను ఆ అమ్మాయివైపు తిరిగి తెలుగులో అడిగాను. “నీ చెట్లు వానలో నిలబెట్టమని చెప్తున్నాను. నువ్వేమంటావు?”

వెంటనే చెప్పింది. “మీరన్నదే కరెక్టు మేడమ్. కింద పంట పోతే గాయన మనల్ని మల్ల తోటల అడుగు పెట్టనియ్యడు. అప్పుడు థీసిస్సూ లేదు, ఏం లేదు.”

అలా నిర్ణయమైపోయింది. కోత మనుషులు సాయంత్రం దాకా, మళ్ళీ మర్నాడు పొద్దున్నుంచి వాన మొదలయ్యేదాకా కిందివాలు కోశారు. కొన్ని వరసలు మిగిలిపోయాయి.

వాన పెద్దదేం కాదు. మన దగ్గరైతే దాన్ని జల్లు అని గొడుగు కూడా తెరవం. అక్కడ ఆ జల్లుకు ఆడవాళ్ళూ మగవాళ్ళూ కిటికీల దగ్గర నిలబడి చేతులు నలుపుకుంటారు. వాన ఆగాక చెట్లను ఆరబెట్టడానికి హెలికాప్టరు పిలుస్తారు. అది చెట్ల తలల మీద తక్కువ ఎత్తులో నెమ్మదిగా తిరుగుతుంది, ఆ గాలికి నీళ్ళు రాలిపోతాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు యుద్ధం సినిమాలాగా అనిపించింది. లోయలో అందరికీ ఆ హెలికాప్టరే కావాలి కాబట్టి ఒక్కో తోటకు కాసేపే వస్తుంది.

తమ్ముడు చేతిలో రేడియో పట్టుకుని పైలటుతో మాట్లాడుతున్నాడు. కిందివాలులో మిగిలిన వరసలు ఆయనవే. ముందు అక్కడికి పంపిస్తాడనుకున్నాం. ఆయన పైవాలు వైపు చెయ్యి చూపించాడు. “పైది ముందు. రిబ్బన్లున్నవి,” అన్నాడు రేడియోలో. అక్క నా పక్కనే ఉంది. టోపీ ఎగిరిపోకుండా గట్టిగా పట్టుకుని కొండకేసి చూస్తూ నిలబడింది.

మర్నాడు చెట్టు చెట్టూ తిరిగి చూశాం. తమ్ముడి మిగిలిన వరసల్లో పళ్ళు చాలావరకు నోళ్ళు తెరిచాయి. పైవాలులో మందు లేని చెట్లకు కొంత నష్టం. రిబ్బను చెట్ల మీద పగిలినవి వెతికితే తప్ప దొరకలేదు. మమ్మల్ని రోజుల తరబడి నిద్రపోనివ్వని ఆ ఆలస్యమే వాటిని కాపాడింది. మా ప్లానులో ఇదెక్కడా లేదు. తమ్ముడు ఒక పండు తెంపి, వేళ్ళ మధ్య నొక్కి చూసి, మళ్ళీ నొక్కి, జేబులో వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నాడో నాకు తెలియదు.

ఆ తర్వాత ఎండ కాసింది. రిబ్బను చెట్లు రోజురోజుకూ రంగు పోసుకున్నాయి. నేను అంత పెద్ద చెర్రీలు అంతకు ముందు చూడలేదు. సూర్యుడి వెలుగులో తోలు మీద మెరుపు, తొడిమలు పచ్చగా బిరుసుగా. ఆ అమ్మాయి రోజూ వచ్చి వాటిని ముట్టుకోకుండా చుట్టూ తిరిగి వెళ్ళేది. ఒక్కొక్క చెట్టుదీ విడిగా కోసి, తూచి, గట్టిదనం కొలిచి, చక్కెర కొలిచి రాసుకోవాలి. దానికి శనివారం అనుకుంది.

గురువారం సాయంత్రమే ఇంకో వాన వార్త వచ్చింది, మర్నాడు మధ్యాహ్నానికట. ఈసారిది పెద్దది. మేస్త్రీ ముఠా చాలావరకు ఉత్తరానికి వెళ్ళిపోయింది. ఆయన మాత్రం కొద్దిమందితో తిరిగొచ్చాడు. అక్క తన చర్చివాళ్ళకు ఫోన్లు చేసింది. తమ్ముడు, తనను ఎగతాళి చేసిన పక్క తోటల వాళ్ళనే పిలుచుకొచ్చాడు. స్టేషనులో చేతికి దొరికిన వాళ్ళందరినీ నేను కారుల్లో ఎక్కించాను. మా ఆయన కూడా ఆఫీసుకు సిక్ లీవ్ పెట్టి కనుమ దాటి వచ్చేశారు. “కోడ్ రాయడానికి నేను లేకపోయినా నడుస్తుంది, నిచ్చెన పట్టుకోడానికి మనిషి కావాలిగా,” అన్నారు.

శుక్రవారం పొద్దున అందరూ నిచ్చెనల కింద చేరాక మేస్త్రీ ఆ అమ్మాయి దగ్గరకొచ్చి అడిగాడు. “రిబ్బను చెట్లు విడిగా కొయ్యాలా?”

విడిగా కొయ్యాలంటే చెట్టుకొక పెట్టె, పెట్టెకొక గుర్తు, ఎవరు ఏ చెట్టు ఎక్కారో చూసుకోవడం. అలా చేస్తే మధ్యాహ్నంలోపు సగం తోట కూడా అవ్వదు. అక్కడున్న వాళ్ళలో ఆ ప్రశ్నకు అర్థం తెలిసినవాళ్ళం కొద్దిమందిమే. తమ్ముడు కూడా ఆగి ఆ పిల్లకేసి చూశాడు. నన్ను అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో ఇప్పటికీ నాకు స్పష్టంగా తెలియదు.

“వద్దు,” అంది. “అన్నీ కలిపి కోసెయ్యండి.”

అని, తనే మొదటి నిచ్చెన ఎక్కింది.

నేనూ ఎక్కాను. మందు చెట్టు పళ్ళు, మందు లేని చెట్టు పళ్ళు ఒకే బకెట్లో పడ్డాయి, ఒకే పెట్టెల్లోకి వెళ్ళాయి. కలిపినవాళ్ళలో మేమూ ఉన్నాం. వాన చినుకు పడేసరికి ఆఖరి పెట్టె షెడ్డులోకి చేరింది.

మధ్యాహ్నం షెడ్డులో అందరం కూర్చున్నాం, బయట రేకుల మీద వాన చప్పుడు. అక్క ఒక పెట్టె తెరిచి మధ్యలో పెట్టింది. ఆ పళ్ళ రుచి చెప్పడానికి నాకు మాటలు చాలవు. కొరికితే చప్పుడు వినబడేది. తీపి ముందు రాదు, పులుపు కాస్త తగిలాక వస్తుంది, వచ్చాక చాలాసేపు ఉంటుంది. చర్చి నుంచి వచ్చిన ఒక ముసలాయన గింజలన్నీ జేబులో వేసుకున్నాడు, ఇంట్లో నాటుతాడట. వాళ్ళ మాటలన్నీ ఇంగ్లీషూ స్పానిషూ. నా జ్ఞాపకంలో మాత్రం ఎందుకో అందరూ తెలుగులోనే మాట్లాడుతుంటారు.

ఆ అమ్మాయి ఒక మూల కూర్చుని చేతికున్న ఎరుపు తుడుచుకుంటోంది. తమ్ముడు నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగాడు. ఆయన మెల్లగా మాట్లాడటం అదే మొదటిసారి.

“ఆ పిల్ల చదువు?”

“ఇంకో ఏడు పడుతుంది.”

“ఇప్పుడు తూచుకోవచ్చు కదా, పెట్టెలిక్కడే ఉన్నాయి.”

“ఏది ఏ చెట్టుదో తెలియదు.”

ఆయన తలూపి వెళ్ళిపోయాడు. పెట్టెలోంచి గుప్పెడు పళ్ళు తెచ్చి ఆ అమ్మాయి ఒళ్ళో పోశాడు.

కారెక్కాక ఆ పిల్ల ఏడ్చింది. “నేను చేసింది తప్పా ఆంటీ?” అంది. తప్పు కాదన్నాను. “మరి ఇంత బాధెందుకు అయితంది?” అంది. తప్పు కాకపోయినా అవుతుంది అన్నాను. ఆ మాట దానికి ఎంత పనికొచ్చిందో గానీ, కాసేపటికి ఒళ్ళో మిగిలిన పళ్ళు ఒక్కొక్కటే తినడం మొదలుపెట్టింది.

ప్రొఫెసరుకు ఫోన్ చేసి చెప్పాను.

“డేటా ఎక్కడుంది?” అన్నాడు.

“పెట్టెల్లో ఉంది,” అన్నాను. “పెట్టెలు ట్రక్కులో ఉన్నాయి. ట్రక్కు ఓడరేవుకు పోతోంది.”

ఆయన నవ్వడం వినిపించింది, నవ్వితే మోకాలు నొప్పిగా ఉందని తిట్టుకోవడం కూడా. ఆ అమ్మాయి వీసాకు కావలసిన ఐ-20 పొడిగింపుకు, ఇంకో ఏడాది అసిస్టెంట్‌షిప్పుకు ఆయనే యూనివర్సిటీ చుట్టూ కర్రపట్టుకుని తిరిగాడు. ఆ పళ్ళు సముద్రం దాటి వెళ్ళి గట్టిగానే చేరాయని ప్యాకింగ్ హౌసువాళ్ళు చెప్పారు. తోట అమ్మే మాట మళ్ళీ నా చెవిన పడలేదు.

మరుసటి వసంతంలో తమ్ముడు ఫోన్ చేశాడు. పైవాలులో రిబ్బను చెట్లకు పూత కొంచెం తగ్గిందన్నాడు. వెళ్ళి చూశాం, నిజమే, బలహీనంగా ఉన్న చెట్లకు తగ్గింది. ఆయన భయం ఉత్తుత్తి భయం కాదని ఒప్పుకున్నాం. ఇకనుంచి బలంగా ఉన్న చెట్లకే, తక్కువ మోతాదే అని అందరం అనుకున్నాం. నేను సెలవు తీసుకోబోతుంటే ఆయన కిందివాలుకు రమ్మన్నాడు. తన చెట్లు. సగం చెట్లకు అప్పటికే నారింజ రిబ్బన్లు కట్టి ఉన్నాయి, ఆయనే కట్టాడు. మొదళ్ళకు, గడ్డి పెరిగితే కనబడకుండా పోయేంత కిందగా.

“ఈసారి ఇక్కడ చేసుకోండి,” అన్నాడు.

ఆ అమ్మాయి ఆయనకు తెలియకుండా అన్నీ విప్పి కొమ్మలకు కట్టింది.

ఆ ఏడాది అన్నీ కుదిరాయి. ప్రొఫెసరు రెండు కాళ్ళ మీద నడుస్తూ తోటకొచ్చాడు. వాన రాలేదు. గాలి లేని పొద్దున మందు పడింది, ఎండుగడ్డి రంగు మీద సరిగ్గా పడింది. కోత రోజున ఒక్కొక్క చెట్టుదీ ఒక్కొక్క పెట్టె, పెట్టెకో గుర్తు. పక్క తోటల వాళ్ళను పిలవాల్సిన పని కూడా లేకపోయింది. గట్టిదనం పెరిగింది, సైజు పెరిగింది, రంగు కొన్నాళ్ళు ఆలస్యమైంది, పుస్తకాల్లో ఎలా ఉంటుందో అచ్చం అలాగే. ఆ అమ్మాయి డిగ్రీ తీసుకుని కాలిఫోర్నియాలో పళ్ళ కంపెనీలో చేరింది. ఇప్పుడు దాని కింద పదిమంది పనిచేస్తున్నారు.

ఆ కోత రోజు మధ్యాహ్నం ల్యాబులో మేమిద్దరమే ఉన్నాం. బల్ల నిండా ట్రేలు. అది ఒక పండు తీసుకుని త్రాసు మీద పెట్టబోయి ఆగింది. కొరికింది. కిటికీలోంచి బయటికి చూస్తూ నమిలింది.

“నంబర్లు మస్తుగ వచ్చినయ్ ఆంటీ,” అంది. “కానీ రుచి నిరుడు లెక్క లేదు.”

స్టేషనులో ఉన్నామన్న సంగతి మర్చిపోయింది, మేడమ్ అనలేదు. నేనూ ట్రేలోంచి ఒకటి తీసుకుని కొరికాను. బాగుంది. గట్టిగా ఉంది, తియ్యగా ఉంది. అది చెప్పింది మాత్రం నిజం.

“తూకం వెయ్యమ్మా,” అన్నాను.